పంచాయతీ కంప్యూటరునకు కావలి

పంచాయతీ సభ్యులారా,

ఇంటిపన్ను లెక్కలు, జనన మరణముల నమోదులు, పనుల బిల్లులు నేడు చాలవరకు కంప్యూటరులోనే యున్నవి. పూర్వము రికార్డుల పెట్టెకు చెద పట్టకుండ చూచుకొనిన చాలెడిది. ఇప్పటి చెద కంటికి కానరాదు.

2017 మే 12వ తేదీన వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము బయలుదేరినది. ఎవరును ఏ మీటయు నొక్కకుండగనే అది యంత్రమునుండి యంత్రమునకు ప్రాకి, ఫైళ్లను చదువరాని రహస్య లిపిలోనికి మార్చి, విడిపించుటకు 300 డాలర్లు బిట్‌కాయిన్ రూపమున అడిగినది. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా యంత్రములు చిక్కినవి. బ్రిటనులో కొన్ని ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపినవి. మన ఆంధ్రప్రదేశమున పోలీసువారి కంప్యూటర్లకే ఆ బెడద తప్పలేదు!

అయితే ఆ లోపమును సవరించు అప్‌డేటును మైక్రోసాఫ్టువారు మార్చి 14వ తేదీననే విడుదల చేసియుండిరి. దానిని వేసికొనిన యంత్రములలోనికి పురుగు ఆ దారిన చొరలేకపోయినది. రెండు నెలల వ్యవధి యుండియు “రేపు చూతము” అనినవారే నష్టపడిరి. విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కు 2025 అక్టోబరులో సాధారణ భద్రతా సవరణలు నిలిచినవి. మీ కార్యాలయమున ఏది నడుచుచున్నదో రాబోవు సమావేశమున కార్యదర్శిని అడుగుడు.

రికార్డుల ప్రతిని వారమునకొకసారి వేరు డిస్కులోనికి ఎక్కించి, తీగ ఊడదీసి, బీరువాలో పెట్టించుడు. తగిలించియే యుంచినచో ప్రతికిని అదే గతి. ఒకవేళ పురుగు సోకెనా, తక్షణము నెట్‌వర్కు తీగ లాగివేసి పోలీసులకు తెలుపుడు. సొమ్ము చెల్లించినను ఫైళ్లు తిరిగివచ్చునను పూచీ లేదు. అది పంచాయతీ నిధి కూడను.