ఎంతమందికి?

సాఫ్ట్‌వేర్ వాడి చేతికి మైకిస్తే కృత్రిమ మేధ గురించి ఊదరగొడతాడని భయపడకండి. భోజనాల వేళ కనుక ఫ్రూట్ సలాడ్ గురించి నాలుగు ముక్కలు చెప్పి దిగిపోతాను.

మా చిన్నప్పుడు తెనాలిలో మా ఇంట్లో ఆపిల్ అంటే జ్వరమొచ్చినవాళ్ళు తినే పండు. ఎవరైనా రెండు తెస్తే పదిమందికి పంచేదెలా? అమ్మ వాటికి అరడజను అరటిపళ్ళు, గుప్పెడు ద్రాక్ష, ఒక దానిమ్మ జతచేసి చల్లారిన కస్టర్డ్‌లో కలిపేది. అందరి గిన్నెల్లోనూ ఆపిల్ తగిలేది.

2003లో ఎమ్మెస్‌కి అమెరికా వచ్చాను. నలుగురు రూమ్మేట్లం ఫ్రూట్ కాక్‌టెయిల్ డబ్బా తెచ్చుకుని, ఎర్రటి చెర్రీ ముక్కలు లెక్కపెట్టి పంచుకునేవాళ్ళం. ఇంజనీర్లం కదా, అందులో ఇంత తక్కువ చెర్రీ ఎందుకుందా అని వెతికితే, దానికీ ప్రభుత్వ కొలతలున్నాయి! రసం వంచేశాక పండ్ల బరువులో పీచ్ 30 నుంచి 50 శాతం, పేర్ 25 నుంచి 45, ద్రాక్ష 6 నుంచి 20, అనాస 6 నుంచి 16, చెర్రీ 2 నుంచి 6.

అమ్మ దగ్గరా అలాంటి లెక్కే ఉంటుందనుకుని ఫోన్ కార్డు గీకి అడిగాను. "ఎన్ని పళ్ళు, ఎన్ని పాలు?" అంటే, "ముందు ఎంతమంది వస్తున్నారో చెప్పు నాన్నా" అంది.

నా సొంత తెలివితో పచ్చి అనాస కోసి వేశాను. గంటకల్లా కస్టర్డ్ చేదెక్కింది. పచ్చి అనాసలోని బ్రోమెలైన్ పాలలోని మాంసకృత్తులను విరగ్గొడుతుంది. డబ్బాలో అనాసను వేడిచేస్తారు గనుక ఆ బాధ లేదు. అమ్మకి చెబితే, "అనాస వెయ్యమని నేను చెప్పానా?" అని ఒకటే నవ్వు.

అమ్మ 2019లో పోయింది. మా పిల్లలిద్దరూ కాలేజీలకు వెళ్ళిపోయారు. ఫ్రిజ్ నిండా పళ్ళే, తినేది మేమిద్దరం. మొన్న మా ఇద్దరికోసమే ఫ్రూట్ సలాడ్ చేశాను. మూడు రోజులు మిగిలి, అరటిముక్కలు నల్లబడితే పారబోశాం. ఇద్దరికి కొలత అమ్మ ఎప్పుడూ చెప్పలేదు మరి.

మా ఇల్లు ఇక్కడికి నలభై నిమిషాలు. వచ్చే ఆదివారం మళ్ళీ చేస్తున్నాను, అనాస లేకుండా. రాదలచినవాళ్ళు ఇప్పుడే చేతులెత్తండి. ఎంతమందో తెలియందే పళ్ళు కొనలేను.

సెలవు.