గృహముల మరమ్మతు నిబంధనలును దోమల నివారణమును
(పురపాలక, తాలూకా ఉద్యోగస్థుల సమావేశమునందలి యుపన్యాస పాఠము)



గృహములను మంచి స్థితియందుంచుటకై పురపాలక సంఘములు విధించు నిబంధనలు గోడ కూలకుండ, కప్పు పడకుండ చూచుటకే యేర్పడినవని సామాన్యముగా తలంపబడుచున్నది. బీటలువారిన గోడ వీధినిబోవు ప్రతివానికిని కనబడును. మేడమీద మూతలేని నీటితొట్టి యెవరికిని కనబడదు. గోడ కూలిన నష్టము ఆ యింటివారితోడను ఇరుగుపొరుగుతోడను పోవును. తొట్టినుండి లేచిన దోమలు పేటకంతకును జ్వరమును పంచును. ఇట్టి లోపమును కనిపెట్టు విధమును, దానిని సరిచేయించుటకు ఈయదగిన గడువును ఈ ప్రసంగమునకు విషయములు.

1897 సంవత్సరము ఆగస్టు 20వ తేదిని సికిందరాబాదునందు రొనాల్డు రాసు అను సైనిక వైద్యుడు అనాఫిలీసు దోమ కడుపులో మలేరియా సూక్ష్మజీవులను కనుగొనెను. అంతకు పూర్వము చిత్తడినేలల దుర్వాయువే చలిజ్వరమునకు మూలమని పెక్కురు నమ్మియుండిరి. చిత్తడినేల యనిన సర్కారు పూడ్పింపవలసినదే కదా యని గృహస్థులు నిశ్చింతగా నుండగలిగిరి. కాని 1911లో డాక్టరు బెంట్లీ బొంబాయి నగరమందలి మలేరియానుగూర్చి సమర్పించిన నివేదిక వలన, ఇండ్ల యావరణములలోని బావులే స్టీఫెన్సీ అను అనాఫిలీసు దోమకు ముఖ్యమైన పుట్టుచోట్లని తేటపడెను. బావులను మూయింపబోగా, పూజాదికములకు బావినీరే కావలెనని కొంద రభ్యంతరము చెప్పిరి. నీరు తోడుకొనుటకు చిన్న తలుపుగల మూతలను బిగించుటచే కొన్నిచోట్ల ఆ చిక్కు తీరెను. ఈ దోమయే 2012లో ఆఫ్రికాఖండమందలి జిబూటీలో కనబడి, పిమ్మట ఇతర దేశములకును ప్రాకినది. కావున ఇది పాతబడిన కథ కాదు.

ఇంటిని పరీక్షింపబోవు ఉద్యోగి మూడువిధముల దోమలను మనసునందుంచుకొనవలెను. స్టీఫెన్సీ దోమ బావులయందును, మేడపై తొట్లయందును గల తేటనీటిలో గ్రుడ్లు పెట్టును. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు ఈడిసు దోమకు గాబులు, పూలకుండీల క్రింది పళ్లెములు, పాత టైర్లు, నీరు నిలిచిన సజ్జలు చాలును. బోదకాలు వ్యాధిని మోయు క్యూలెక్సు దోమ మురుగుకాలువలయందును, మరుగుదొడ్ల గుంటలయందును పెరుగును. తెల్లని పళ్లెములోనికి నీటిని తీసి చూచినయెడల, నీటి పైభాగమున సమముగా పరుండినవి అనాఫిలీసు పిల్లలనియు, తలక్రిందుగా వ్రేలాడునవి తక్కిన రెండు జాతులవనియు గుర్తింపవచ్చును.

ఇవన్నియు మరమ్మతు లోపములనుండియే పుట్టుచున్నవి. తొట్టిమూత వంకరపోవుట, పొర్లుగొట్టమునకు తీగెవల లేకుండుట, డాబామీది వాననీటి తూము పూడిపోవుట, మురుగుగుంట గాలిగొట్టము తెరచియుండుట, కాలువకు వాలు చెడుట మొదలైనవి స్వల్పమైన లోపములు. వీనిలో పెక్కింటిని సరిచేయుటకు ఒక తాపీపనివాని ఒకపూట కూలి చాలును.

ఇక గడువు సంగతి. వేడిదినములలో గ్రుడ్డు దోమయగుటకు సుమారు 7 మొదలు 10 దినములు పట్టును. పదునైదు దినముల గడువుతో నోటీసు జారీయైనచో, ఆ గడువు తీరునప్పటికి ఒకతరము దోమలెగిరిపోయి మరల గ్రుడ్లు పెట్టియుండును. కాగితము సక్రమముగానే యున్నను జ్వరము నిలువదు. కావున నోటీసునందు రెండు పనులను వేరుపరచి వ్రాయుట యుక్తము. నిలువనీటిని పారబోయుట, తొట్టిని తోముట, లేక బావిలో దోమపిల్లలను తిను చిన్నచేపలను విడుచుట మొదటి పని. ఇది వెంటనే జరుగవలెను. మూత, వల, తూము బాగుచేయించుట రెండవ పని. దీనికి తగిన గడువు నీయవచ్చును. తోముట యని ప్రత్యేకముగా చెప్పుటకు కారణము కలదు. ఈడిసు గ్రుడ్లు పాత్ర అంచున అంటుకొని, నీరు లేకున్నను మాసములకొలది జీవించియుండి, మరల నీరు తగిలినప్పుడు పొదుగును.

1939లో చెన్నపురి రాజధానియందు శాసింపబడిన ప్రజారోగ్య చట్టము దోమల నివారణమునకు ప్రత్యేకముగ నొక భాగమును కేటాయించినది. యజమానికిగాని, కాపురమున్నవానికిగాని నోటీసిచ్చుటకును, వారు చేయనియెడల ఆరోగ్యాధికారి తానే పని చేయించి ఖర్చు రాబట్టుటకును దానివలన నధికారము కలిగెను. ఇట్టి యధికారమును వినియోగించునపుడు ఎవరికి నోటీసు చేరవలెనను విషయమున తప్పు జరుగరాదు. పగిలిన తొట్టిని మార్పింపవలసినది ఇంటి యజమాని. వారమున కొకపర్యాయము గాబు కడుగవలసినది అద్దెకున్నవారు. యజమాని చేయవలసిన మరమ్మతునకు అద్దెకున్న పేదవానికి జుల్మానా వేయుట న్యాయము గాదు. కుళాయినీరు దినము విడిచి దినము వచ్చు పేటలలో జనులు నీరు నిలువచేయక తప్పదు. అచ్చట నిలువచేయుట నేరము గాదు; మూత వేయకుండుట మాత్రమే లోపము.

ఇంటిలోనికి ప్రవేశించునపుడు మర్యాద ముఖ్యము. వేళ యెరిగి, తలుపు తట్టి, వచ్చిన పని చెప్పి, గృహిణి యెదుటనే నీటిని పళ్లెములోనికి తీసి కదలుచున్న పురుగులను చూపవలెను. తన బిడ్డలు త్రాగు నీటియందు వానిని కన్న తల్లికి జుల్మానా బెదిరింపుతో పనియుండదు. పాఠశాల, కచేరీ, ఆసుపత్రి, కట్టుబడిలోనున్న సర్కారు భవనము మొట్టమొదట పరీక్షింపబడవలెను. తన కచేరీ మేడపై తొట్టికి మూతలేని యధికారి సంతకముచేసిన నోటీసును ప్రజలు నవ్వుచు చదువుదురు.

కడపట నొక సూచన. నోటీసుల రిజిస్టరునందు జారీతేది కొక గడి యుండును. దాని ప్రక్కనే, మరల పోయి కన్నులార చూచిన తేదికిని ఒక గడిని చేర్చుట మంచిది. మొదటి తనిఖీకిని రెండవదానికిని నడుమ ఏడుదినములకు మించకుండిన, ఆ యింట దోమలు పెరిగి యెగురుట కవకాశము మిక్కిలి తగ్గును. ప్రతి వార్డునందును ఆ గడి నిండుచున్నదో లేదో మాసాంతమున పై యధికారి చూచినచో, నిబంధనలు పుస్తకము విడిచి ఇండ్లకు చేరినవని చెప్పవచ్చును.