ఇన్సులిన్ చేతిలో కొవ్వు ఖాతా

(ప్రపంచ మధుమేహ దినం సందర్భంగా సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను, మీలాగే బ్యాంకు మనిషిని. షుగర్ ఉన్న ఇళ్లలో ఒక మాట తరచూ వింటుంటాను: "ఇన్సులిన్ మొదలుపెడితే ఒళ్లు వస్తుందట, ఇంకొన్నాళ్లు చూద్దాం." ఆ మాటలో కొంత నిజముంది, అంతకు మించి ప్రమాదముంది. ఆ రెంటినీ విడదీసి చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఇన్సులిన్ అంటే చక్కెరను తగ్గించేదని మనకు తెలుసు. కానీ క్లోమంలో పుట్టే ఈ హార్మోన్ ఆజ్ఞ కండరాలు, కాలేయంతో పాటు కొవ్వు మీదా నడుస్తుంది. కొవ్వు దగ్గర దానిది అచ్చంగా మన కౌంటర్ పనే. జమ చేయించడం, విత్‌డ్రాయల్ ఆపడం.

ముందు జమ సంగతి. భోజనం అయ్యాక ఇన్సులిన్ పెరుగుతుంది. కొవ్వు కణజాలంలోని సన్నని రక్తనాళాల్లో లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైమ్‌ను చురుకు చేస్తుంది. అది రక్తంలోని కొవ్వును విడగొట్టి కొవ్వు ఆమ్లాలను కణాల్లోకి పంపుతుంది. ఇన్సులిన్ గ్లూకోజ్‌కూ దారి తీస్తుంది. భోజనం తర్వాతి గ్లూకోజ్‌లో కొవ్వు తీసుకునేది కొద్ది భాగమే, కండరాలదే పెద్ద వాటా. ఆ కొద్ది గ్లూకోజ్ నుంచి తయారైన గ్లిసరాల్ భాగానికి మూడు కొవ్వు ఆమ్లాలు చేరితే ట్రైగ్లిసరైడ్. మన ఒంట్లో నిల్వ ఉండే కొవ్వు అదే.

ఇక విత్‌డ్రాయల్. నిల్వ కొవ్వును కరిగించే ఎంజైమ్‌లను ఇన్సులిన్ అణచి ఉంచుతుంది. ఇందుకు కొద్దిపాటి ఇన్సులిన్ చాలు. కండరాల్లోకి చక్కెరను పంపడానికి ఇంతకంటే ఎక్కువ కావాలి. రాత్రి నిద్రలో ఇన్సులిన్ తగ్గినప్పుడు కొవ్వు కాస్త కాస్త విడుదలై గుండెకు, కండరాలకు ఇంధనమవుతుంది. ఉదయం టిఫిన్ తినగానే మళ్లీ కౌంటర్ మూతపడుతుంది.

అసలు ఇన్సులినే లేకపోతే? ఆపేవాడు లేక కొవ్వంతా రక్తంలోకి వచ్చేస్తుంది. కాలేయం దాన్ని కీటోన్లుగా మారుస్తుంది. అవి మితిమీరితే రక్తం ఆమ్లమయమై ప్రాణం మీదికి వస్తుంది. 1922 జనవరిలో టొరంటోలో మొదటిసారి ఇన్సులిన్ అందుకున్న 14 ఏళ్ల లియోనార్డ్ థాంప్సన్ అప్పటికి ఎముకల గూడులా ఉన్నాడు. ఆ ఇన్సులిన్‌తో ఇంకో 13 ఏళ్లు బతికాడు. ఇన్సులిన్ వేసుకునేవారు తమంతట తాము మానేయకూడదని డాక్టర్లు గట్టిగా చెప్పేది ఇందుకే.

మనలో ఎక్కువమందికి వచ్చే టైప్ 2 కథ వేరు. ఇన్సులిన్ ఉంటుంది, దాని మాట చెల్లదు. భోజనం తర్వాత కూడా కొవ్వు ఆమ్లాలు ఖాతా దాటి వెళ్లి కాలేయంలో, కండరాల్లో చేరతాయి. అప్పుడు అక్కడా ఇన్సులిన్ పట్టు సడలుతుంది, చక్కెర పెరుగుతుంది.

"నేను సన్నగానే ఉన్నాను కదా" అనేవారికి ఒక ఉదాహరణ. పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో 'లాన్సెట్' పత్రికలో తమ ఇద్దరి ఫొటో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. తూకం యంత్రం ఈ తేడా చెప్పదు. నడుము కొలత కొంత చెబుతుంది. మన ప్రాంతం వారికి మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

ఇప్పుడు మొదటి భయానికి వద్దాం. ఇన్సులిన్ మొదలుపెట్టాక కొందరు కాస్త బరువు పెరగడం నిజమే. అంతకుముందు మూత్రంలో పోయిన చక్కెర ఇప్పుడు ఒంటికి దక్కుతుంది కనుక. దీనికి మందు మానడం కాదు, డాక్టర్‌తో మాట్లాడి తిండి, నడక సర్దుకోవడం. నడిచేటప్పుడు కండరాలు ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజ్‌ను తీసుకోగలవు.

ఇంట్లో ఇంజక్షన్ వేసేవారికి ఒక్క మాట. రోజూ ఒకేచోట పొడిస్తే అక్కడి కొవ్వు పెరిగి గడ్డ కడుతుంది. ఆ గడ్డలో వేసిన మందు ఒకరోజు సరిగా ఎక్కుతుంది, ఒకరోజు ఎక్కదు. గడ్డలో నొప్పి తక్కువని అక్కడే వేసుకునే పెద్దవాళ్లుంటారు. చోటు మారుస్తూ, పాత చోటికి కనీసం వేలి వెడల్పు దూరంలో వేయండి. గడ్డ నుంచి మంచి చోటుకు మారేటప్పుడు అదే డోసు ఎక్కువై చక్కెర పడిపోవచ్చు. ముందు డాక్టర్‌ను అడగండి.

ఈ రాత్రి ఇంటికి వెళ్లాక అమ్మానాన్నల ఇంజక్షన్ చోటును ఒకసారి చేత్తో తడిమి చూడండి. మీ నడుమూ కొలుచుకోండి.