ఆట ఆగినప్పుడు మన జేబుకి ఎంత బలం?

ఈ ఎపిసోడ్‌లో స్పోర్ట్స్ గురించే మాట్లాడుకుందాం, కానీ స్కోర్ల జోలికి పోను. మీరు ఆట మీద పెట్టే డబ్బు గురించి మాట్లాడతాను. టికెట్, జెర్సీ, స్ట్రీమింగ్ సబ్‌స్క్రిప్షన్, స్టేడియంలో కొనే కూల్‌డ్రింక్, అన్నీ కలిపి.

ఓనర్లకీ ఆటగాళ్లకీ గొడవ వచ్చి లీగ్ మొత్తం ఆగిపోయిందనుకోండి. టేబుల్‌కి ఒక పక్క ఓనర్లు, ఇంకో పక్క ఆటగాళ్ల యూనియన్. మధ్యలో పంచుకునేది ఎవరి డబ్బు? మనదే కదా. మరి ఆ టేబుల్ దగ్గర మనకి కుర్చీ ఉందా? లేదు. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరిగాయని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

అయితే ఫ్యాన్స్‌కి అసలు బలమే లేదా? ఉంది అంటాను నేను. కాకపోతే ఆ బలం ఏ టైమ్‌లో పనిచేస్తుందో చాలామందికి తెలీదు. అది అర్థం కావాలంటే అమెరికా వెళ్లాలి, 1994కి.

ముందు రెండు మాటలు క్లియర్ చేసుకుందాం. ఆటగాళ్లు మేం ఆడం అంటే అది సమ్మె. ఓనర్లు మిమ్మల్ని ఆడనివ్వం అని గేటు మూసేస్తే అది లాకౌట్. బయటినుంచి చూసేవాళ్లకి రెండూ ఒకటే, ఆట లేదు. కానీ లోపల లెక్క వేరు.

1994లో అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఓనర్లు జీతాలకి ఒక పరిమితి పెట్టాలన్నారు. శాలరీ క్యాప్ అంటారు దాన్ని. ఆటగాళ్లు ససేమిరా అన్నారు. ఆగస్టు 12న సమ్మె మొదలైంది. ఆగస్టులోనే ఎందుకు? ఆటగాళ్లకి జీతం సీజన్ నడిచే నెలల్లో వస్తుంది, ఆగస్టుకల్లా చాలా భాగం చేతికొచ్చేసింది. ఓనర్లకి టీవీ డబ్బు ఎక్కువగా వచ్చేది అక్టోబర్‌లో, ఫైనల్స్ అప్పుడు. అంటే అవతలివాడి జేబుకి ఎప్పుడు ఎక్కువ దెబ్బ తగులుతుందో చూసి మరీ ముహూర్తం పెట్టారు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరం పడుతుంది.

నెల గడిచినా రాజీ కుదరలేదు. సెప్టెంబర్ 14న ఆ సీజన్‌లో మిగిలిన మ్యాచ్‌లన్నీ రద్దు చేశారు. వరల్డ్ సిరీస్ కూడా లేదు. రెండు ప్రపంచ యుద్ధాలప్పుడు కూడా ఆగని వరల్డ్ సిరీస్, 1904 తర్వాత మొదటిసారి ఆగిపోయింది. 1995 మార్చి 31న సోనియా సోటోమేయర్ అనే ఫెడరల్ జడ్జి ఓనర్లకి వ్యతిరేకంగా ఆర్డర్ ఇచ్చాక గానీ సమ్మె ముగియలేదు. ఆవిడే తర్వాత అమెరికా సుప్రీంకోర్టు జడ్జి అయ్యారు. లెక్కేస్తే మొత్తం 232 రోజుల సమ్మె.

ఇప్పుడు ఫ్యాన్స్ దగ్గరికి వద్దాం. ఆ 232 రోజులూ ఫ్యాన్స్ ఏం చేయగలిగారు? తిట్టుకోవడం తప్ప పెద్దగా ఏమీ లేదు. మ్యాచే లేనప్పుడు దేన్ని బాయ్‌కాట్ చేస్తారు? హోటల్ మూసేసి ఉంటే "నేను ఇక్కడ తినను" అన్నట్టుంటుంది.

అసలు కథ ఆట మళ్లీ మొదలయ్యాకే. సమ్మెకి ముందు 1994లో ఒక్కో మ్యాచ్‌కి సగటున 31 వేల మంది పైగా వచ్చేవారు. 1995లో అది 25 వేలకి పడిపోయింది. ప్రతి ఐదుగురిలో ఒకరు రాలేదన్నమాట. న్యూయార్క్‌లో షే స్టేడియంలో ముగ్గురు కుర్రాళ్లు "దురాశ" అని రాసున్న టీషర్టులు వేసుకుని గ్రౌండ్‌లోకి దిగి, ఆటగాళ్ల కాళ్ల ముందు ఒక్క డాలర్ నోట్లు విసిరారు. ఆ సగటు మళ్లీ పాత స్థాయికి రావడానికి పదేళ్లకి పైనే పట్టింది.

మధ్యలో ఫ్యాన్స్‌ని వెనక్కి తెచ్చినవి కొన్ని ఉన్నాయి. 1995 సెప్టెంబర్ 6న కాల్ రిప్కెన్ వరసగా 2,131వ మ్యాచ్ ఆడి పాత రికార్డు దాటాడు. ఒక్క మ్యాచ్ కూడా మిస్ కాకుండా అన్నేళ్లు! అలిగి ఇంట్లో కూర్చున్నవాళ్లు కూడా అది చూశారు. 1998లో మార్క్ మెక్‌గ్వైర్, శామీ సోసా పోటీపడి హోమ్‌రన్లు కొట్టారు, మెక్‌గ్వైర్ 70, సోసా 66. స్టేడియాలు ఊగిపోయాయి. అయితే 2010లో మెక్‌గ్వైర్ తాను స్టెరాయిడ్స్ వాడానని ఒప్పుకున్నాడు. ఏం చూపించి మనల్ని వెనక్కి పిలుస్తున్నారో కూడా గమనించుకోవాలి.

సరే, ఇంకో ఆట చూద్దాం. ఐస్ హాకీ. నార్త్ అమెరికాలో ఎన్‌హెచ్‌ఎల్ అని లీగ్. 2004లో ఓనర్లు లాకౌట్ పెట్టారు. 2005 ఫిబ్రవరిలో సీజన్ మొత్తం రద్దయింది. ఒక్కటంటే ఒక్క లీగ్ మ్యాచ్ కూడా జరగలేదు. తర్వాత ఆటగాళ్లు శాలరీ క్యాప్‌కి ఒప్పుకున్నారు, ఉన్న జీతాల్లో 24 శాతం కోత కూడా పడింది.

మరుసటి సీజన్‌లో ఫ్యాన్స్ ఏం చేశారు? తండోపతండాలుగా వచ్చేశారు. లాకౌట్‌కి ముందుకంటే కొంచెం ఎక్కువే వచ్చారు! లీగ్ వాళ్లు ఐస్ మీద పెద్ద అక్షరాలతో "థాంక్యూ ఫ్యాన్స్" అని పెయింట్ చేయించారు. బాగుంది. మరి ఆ థాంక్యూ ఎంతకాలం నిలిచింది? ఏడేళ్లు. 2012లో మళ్లీ లాకౌట్. 82 మ్యాచ్‌లు ఆడాల్సిన టీమ్‌లు ఆ సీజన్‌లో 48 మ్యాచ్‌లే ఆడాయి.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. బేస్‌బాల్ ఫ్యాన్స్ పదేళ్లు గుర్తుపెట్టుకున్నారు. హాకీ ఫ్యాన్స్ మొదటి రోజే క్షమించేశారు. 2002లో బేస్‌బాల్‌లో మళ్లీ సమ్మె దాకా వెళ్లింది. ఆగస్టు 30 గడువు. ఆ రోజే, ఆఖరి గంటల్లో రాజీ కుదిరింది. 2021 డిసెంబర్‌లో ఓనర్లు లాకౌట్ పెట్టారు, 99 రోజులు నడిచింది. అయినా ఆ సీజన్‌లో 162 మ్యాచ్‌లూ ఆడారు. 1995 తర్వాత ఇప్పటిదాకా లేబర్ గొడవ వల్ల బేస్‌బాల్‌లో ఒక్క రెగ్యులర్ సీజన్ మ్యాచ్ కూడా పోలేదు.

ఇదంతా ఫ్యాన్స్ వల్లే అని నేను అనను. ఆదాయం బాగా పెరిగింది, ఓనర్లు శాలరీ క్యాప్ పట్టు సడలించారు, కారణాలు చాలా ఉన్నాయి. కానీ ఖాళీ కుర్చీలు కళ్లారా చూసినవాడికి ఉండే భయం వేరు.

ఇక్కడ చాలామంది అనే మాట ఒకటుంది. "కోట్లు తీసుకుంటూ ఇంకా సమ్మె ఏంటి బ్రో? వీళ్ల జీతాల వల్లే టికెట్ రేటు పెరుగుతోంది." ఒక్కసారి ఆగండి. హాకీలో జీతాలు 24 శాతం కోశారు కదా, టికెట్ రేటు 24 శాతం తగ్గిందా? లేదు. కొన్ని టీమ్‌లు మొదటి ఏడాది కాస్త తగ్గించాయి, అంతే. టికెట్ రేటు ఆటగాడి జీతం చూసి పెట్టరు, మనం ఎంతవరకు ఇస్తామో చూసి పెడతారు. అంటే రేటు తాళం మన దగ్గరే ఉంది, మనం తిప్పట్లేదు.

మరి మన బలాన్ని తగ్గించేది ఏంటి? ముందే కట్టిన డబ్బు. 2011లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో లాకౌట్ వచ్చింది. దానికి ముందే ఓనర్లు టీవీ కంపెనీలతో ఎలా ఒప్పందం రాసుకున్నారంటే, మ్యాచ్‌లు జరగకపోయినా సుమారు 400 కోట్ల డాలర్లు వాళ్లకి వచ్చేలా! ఆటగాళ్లు కోర్టుకి వెళ్తే, మీరు ఇలా చేయడం తప్పు అని జడ్జి చెప్పారు. ఆట ఆగినా డబ్బు వచ్చేవాడికి తొందరేం ఉంటుంది చెప్పండి? మీ ఫోన్‌లో ఆటోపే కూడా చిన్న సైజులో అదే పని చేస్తుంది. మ్యాచ్ ఉన్నా లేకపోయినా నెల తిరిగేసరికి డబ్బు కట్ అయిపోతుంది.

ఇంకో ఉదాహరణ, ఇది భలే ఉంటుంది. 2012లో ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్లు రిఫరీలనే లాకౌట్ చేశారు. పెన్షన్ గొడవ అందులో ముఖ్యమైనది. అనుభవం లేని కొత్త రిఫరీలతో మ్యాచ్‌లు నడిపించారు. సెప్టెంబర్ 24న సియాటిల్, గ్రీన్ బే మ్యాచ్, ఆఖరి బంతి. ఒక రిఫరీ చేతులు పైకెత్తి టచ్‌డౌన్ అన్నాడు, పక్కనే ఉన్న ఇంకో రిఫరీ వేరే సైగ చేశాడు. దేశమంతా లైవ్‌లో చూస్తోంది. సియాటిల్ గెలిచినట్టు ప్రకటించారు. ఇక చూడండి, రచ్చ రచ్చ. రెండు రోజుల్లో, 26వ తేదీ రాత్రికి ఒప్పందం కుదిరిపోయింది. నెలల తరబడి కదలనిది రెండు రోజుల్లో కదిలింది. ఎందుకు? ఆట నడుస్తోంది, అందరూ చూస్తున్నారు, అందరూ ఒకే మాట అంటున్నారు. పరువు పోతోంది.

అంటే ఫ్యాన్స్‌కి బలం వచ్చేవి రెండు సందర్భాలు. ఆట నడుస్తూ ఉండగా అందరి చూపూ ఒకచోట పడ్డప్పుడు. రెండోది, మీ డబ్బు రెన్యువల్‌కి వచ్చినప్పుడు. ఆటగాళ్లు ఆగస్టు చూసుకున్నారు. హాకీ ఓనర్లు సీజన్ మొదట్లోనే గేటు మూశారు. మన ముహూర్తం రెన్యువల్ రోజు.

అందుకే మూడు పనులు చెప్తాను.

ఒకటి, మీరు కట్టే ప్రతి స్పోర్ట్స్ సబ్‌స్క్రిప్షన్‌కి ఆటోపే తీసేయండి. సీజన్ టికెట్ కొనేవాళ్లయితే, మ్యాచ్ రద్దయితే రీఫండ్ ఇస్తారా, లేక వచ్చే ఏడాదికి సర్దుతారా అన్నది ముందే చదవండి.

రెండు, షరతు చెప్పండి. ఊరికే "ఇక చూడను" అంటే ఎవరూ నమ్మరు, ఎందుకంటే మనం మళ్లీ చూస్తామని వాళ్లకి తెలుసు. "ఎన్ని మ్యాచ్‌లు ఆపితే అన్ని మ్యాచ్‌లకి టికెట్ కొనం" అనండి. లెక్క కనపడాలి. గొడవ మొదలవ్వకముందే అనాలి. అడగందే అమ్మైనా పెట్టదు.

మూడు, దెబ్బ ఎవరికి తగులుతుందో చూడండి. మనం స్టేడియానికి వెళ్లకపోతే ముందు నష్టపోయేది గేటు దగ్గర పార్కింగ్ కుర్రాడు, లోపల తినుబండారాలు అమ్మేవాళ్లు, ఎదురుగా చిన్న హోటల్. ఓనర్ దాకా వెళ్లేసరికి టైమ్ పడుతుంది. 1994లో మాంట్రియల్ టీమ్ 74 గెలుపులు, 40 ఓటములతో లీగ్ మొత్తంలో టాప్‌లో ఉంది. సమ్మె వచ్చింది, ఛాన్స్ పోయింది. మరుసటి ఏడాది డబ్బు మిగుల్చుకోవడానికి టీమ్ మంచి ఆటగాళ్లని వదిలేసుకుంది. జనం రావడం తగ్గింది. 2005కల్లా ఆ టీమ్‌నే వాషింగ్టన్‌కి తరలించేశారు. ఆ ఊరి ఫ్యాన్స్ చేసిన తప్పేంటి? ఏమీ లేదు. అందుకే ఆ రోజు ఖర్చుని పూర్తిగా ఆపేయకండి, దారి మార్చండి. పెద్ద లీగ్ ఆగిన రోజున చిన్న లీగ్ మ్యాచ్‌కి వెళ్లండి. 1994 సమ్మె మొదలైనప్పుడు కూడా మైనర్ లీగ్ బేస్‌బాల్ నడుస్తూనే ఉంది.

ఇదంతా అమెరికా గోల, మనకెందుకు అంటారా? న్యూజెర్సీలో, డల్లాస్‌లో, బే ఏరియాలో ఉన్న మనవాళ్లు ఈ టికెట్లు కొంటున్నారు. బేస్‌బాల్‌లో ఇప్పుడున్న ఒప్పందం గడువు 2026 డిసెంబర్ 1. అక్కడున్న అన్నయ్యలు, అక్కలు వచ్చే సీజన్‌కి డబ్బు కట్టేముందు ఈ తేదీని దృష్టిలో పెట్టుకోండి.

ఇక్కడున్నవాళ్ల సంగతి చూస్తే, ఐపీఎల్ 2023 నుంచి 2027 దాకా ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకి అమ్ముడయ్యాయి. ఆ డబ్బు ఆకాశం నుంచి ఊడిపడలేదు, మీరు చూసే యాడ్స్ నుంచి, మీ రీఛార్జ్ నుంచి వస్తుంది. మన దగ్గర ఇప్పుడు ఆడుతున్న క్రికెటర్లకి యూనియన్ లేదు, ఇండియన్ క్రికెటర్స్ అసోసియేషన్ రిటైరైనవాళ్లది. కాబట్టి సమ్మె మాట వినపడదు. కానీ ఆట మన జేబు మీదే నడుస్తోందన్న సంగతి అక్కడా ఇక్కడా ఒకటే.

ఈ రోజు వీడియో అయిపోయాక ఒక్క పని చేయండి. ఫోన్‌లో సబ్‌స్క్రిప్షన్స్ ఓపెన్ చేసి, మీ స్పోర్ట్స్ యాప్ రెన్యువల్ డేట్ చూడండి. ఆ డేట్ కింద కామెంట్స్‌లో పెట్టండి. ఎంతమందికి తమ డేట్ తెలుసో నాకు కూడా చూడాలనుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.