లేపాక్షిలో ఒక రాత్రి ఆగండి

లేపాక్షికి వచ్చేవాళ్ళలో చాలామంది వీరభద్రాలయంలో వేలాడే స్తంభం చూసి, పొద్దు వాలకముందే తిరిగిపోతారు. ఈ ఉగాది రోజుల్లో మాత్రం ఒక రాత్రి ఆగండి. పర్యాటక సంస్థ వారి అతిథి గృహం ఊళ్ళోనే ఉంది. తెల్లవారుజామున ఇంకా చల్లగానే ఉంటుంది. కానుగలు చిగురేస్తాయి, వేపలు పూతకొస్తాయి.

ఎండ ముదరకముందే గుడికెళ్ళి తలెత్తి చూడండి. 16వ శతాబ్దిలో, అచ్యుతదేవరాయల కాలంలో పైకప్పు మీద వేసిన చిత్రాల్లో ముఖాలు చాలావరకు పక్కకు తిరిగి ఉంటాయి. తర్వాత పెనుకొండ మీదుగా ధర్మవరం మండలం నిమ్మలకుంటకు వెళ్ళండి. అక్కడి తోలుబొమ్మల్లోనూ అలాంటి పక్కముఖాలే కనిపిస్తాయి.

ఈ బొమ్మల కోసం మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, వెలుతురు కనబడేంత పల్చగా చేసి ఆరబెడతారు. బొమ్మ గీశాక చిన్న ఉలితో వరసగా చిల్లులు కొడతారు. వెనక దీపం పెట్టినప్పుడు ఆ చిల్లులే హారాలై, వడ్డాణాలై మెరుస్తాయి. రంగు రెండువైపులా పూయాలి. కాళ్ళు చేతులు విడిగా కోసి దారంతో ముడేస్తారు, కదలాలి కదా!

ఒకప్పుడు పంటలు ఇంటికి చేరాక ఊరూరా తెల్లవార్లూ రామాయణం ఆడేవారు. మధ్యలో హాస్యపాత్రలైన కేతిగాడు, బంగారక్క వచ్చి కడుపుబ్బ నవ్వించేవారు. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అయినా ఆటలు తగ్గాయి. తోలుతో చేసిన దీపపు తొడుగులు, గోడకు తగిలించే బొమ్మలే ఇప్పుడు జీవనాధారం. కొనండి, తప్పకుండా కొనండి. కానీ కళాకారుణ్ణి ఆట కూడా అడగండి, దానికి తగిన సంభావన ఇవ్వండి.