నాట్యంలో నీరు, నేలపై కరవు

 

మన చెన్నపురి నర్తకి, కీర్తిశేషురాలు చంద్రలేఖ 1952లో రాయలసీమ క్షామ నివారణ నిధికై అరంగేట్రం చేశారు. ‘మధురా నగరిలో’ అను తెలుగు పాటకు యమునా జలక్రీడలు అభినయిస్తుండగా, బీటలువారిన నేల, నీటికై బారులుతీరిన జనం మనసున మెదలి, క్షణకాలం నిశ్చేష్టులయ్యారు. కళకూ జీవితానికీ గల ఆ ఎడమే ఆమెను జీవితాంతం ఆలోచింపజేసింది. 1985లో ‘అంగిక’లో భరతనాట్యాన్ని యోగ, కళరిపయట్టులతో సమన్వయించి, మానవ శరీరశక్తినే వస్తువుగా గ్రహించారు.

2019 జూన్‌లో నగర జలాశయాలు ఎండినవేళ నేను నదుల పాఠం బోధిస్తున్నాను. కిటికీ అవతల బిందెల వరుసలో మా విద్యార్థిని తల్లి నిలిచి ఉన్నారు. నా మాట ఆగిపోయింది. పుస్తకం మూసి, ఆ నీటి లెక్కనే ఆనాటి పాఠంగా చెప్పాను.

ఈ ప్లాటినం జూబిలీ వేళ సహోపాధ్యాయులకు నాదొక్కటే విన్నపం: పాఠం చెప్పునపుడు కిటికీలు తెరచి ఉంచండి.