పసిపాప ఒరుపు – వంటింటి మందులు: ఏది మేలు, ఏది కీడు?



పుదుచ్చేరి పట్టణంలో సముద్రం ఒడ్డున వైతికుప్పం అనే మత్స్యకారుల పేట ఉంది. ఏటా మాసి మగం పండుగనాడు చుట్టుపక్కల ఆలయాల ఉత్సవమూర్తులను ఊరేగింపుగా ఈ ఒడ్డుకు తీసుకువస్తారు. జనం వేల సంఖ్యలో చేరతారు. చంకలో పసిపిల్లలతో వచ్చే తల్లులూ చాలామందే ఉంటారు.

ఆ జనంలో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. యానాం నుంచి ఉద్యోగరీత్యా పుదుచ్చేరికి వచ్చినవాళ్లు. ఎనిమిది నెలల పాపకు పొద్దున్నే డైపర్ కట్టి బయలుదేరారు. ఎండ, ఉక్కపోత, తోపులాట. డైపర్ మార్చడానికి చోటు దొరకలేదు. సాయంత్రం ఇంటికి వచ్చి విప్పి చూస్తే పాప తొడల మధ్య ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది. నీళ్లు తగిలితే చాలు, గుక్కపట్టి ఏడుస్తోంది.

"కొబ్బరినూనె రాయవే" అంటుంది అమ్మమ్మ. "పసుపు అద్దండి వదినా" అంటుంది పక్కింటావిడ. ఇంకొకరు పెరుగు అంటారు, మరొకరు వంటసోడా అంటారు. ఆ ఇంట్లో ఇంటర్మీడియట్ చదివే పిన్ని మీరే అనుకోండి. "సైన్సు చదువుతున్నావు కదా, నువ్వు చెప్పు" అని అక్క అడిగింది. మీరు ఏం చెబుతారు? ఈనాటి పాఠంలో ఆ జవాబు వెతుకుదాం.

ఒరుపు ఎలా మొదలవుతుంది?

ఆరోగ్యవంతమైన చర్మం పైపొర కొద్దిగా ఆమ్ల స్వభావం కలిగి ఉంటుంది. సూక్ష్మజీవులను అదుపులో ఉంచడానికి అది ప్రకృతి ఏర్పాటు చేసిన కంచె. చాలాసేపు తడిలో నానిన చర్మం మెత్తబడి, చిన్న రాపిడికే చిట్లిపోతుంది. అంతేకాదు, మలంలోని కొన్ని బాక్టీరియాలకు యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది మూత్రంలోని యూరియాను విడగొట్టి అమ్మోనియాను తయారుచేస్తుంది. చాలాసేపు మార్చని గుడ్డ విప్పినప్పుడు ముక్కుకు తగిలే ఘాటు వాసన దానిదే. అమ్మోనియా క్షారం కాబట్టి చర్మం మీది ఆమ్లత తగ్గిపోతుంది. అప్పుడు మలంలో ఉన్న, ప్రోటీన్లనూ కొవ్వులనూ జీర్ణం చేసే ఎంజైములు మరింత చురుకై చర్మాన్నే దెబ్బతీస్తాయి.

ఆమ్ల, క్షార భేదాన్ని మీరు ఇంట్లోనే చూడవచ్చు. పెళ్లిళ్లలో కాళ్లకు పూసే పారాణి ఎలా చేస్తారు? పసుపులో సున్నం కలుపుతారు, ఎర్రగా మారుతుంది. తెల్ల కాగితానికి పసుపునీళ్లు పూసి ఆరబెట్టండి. ఒక చుక్క సున్నపుతేట వేస్తే ఎర్రబడుతుంది. దానిమీద నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపు రంగులోకి వస్తుంది. క్షారాన్ని పసుపు పట్టిచ్చే తీరు అది.

ఈస్ట్ ఎప్పుడు చేరుతుంది?

కాండిడా ఆల్బికాన్స్ అనేది ఈస్ట్ జాతి శిలీంధ్రం. రొట్టెపిండిని పొంగించే ఈస్ట్‌కు దూరపు బంధువు. ఆరోగ్యంగా ఉన్న మనుషుల నోటిలో, పేగుల్లో కూడా చాలామందిలో ఏ హానీ చేయకుండా ఉంటుంది. అక్కడి మేలుచేసే బాక్టీరియాలు దాన్ని పెరగనివ్వవు. వెచ్చదనం, తడి, చిట్లిన చర్మం మూడూ ఒకచోట దొరికితే గుండ్రని కణాల నుంచి పొడవాటి పోగులు పుట్టి చర్మం పైపొరల్లోకి చొచ్చుకుపోతాయి. బాక్టీరియాను చంపే యాంటీబయాటిక్ మందులు వాడిన తరువాత కాపలా తగ్గుతుంది కాబట్టి ఈ బెడద ఎక్కువ.

మామూలు ఒరుపు ఉబ్బెత్తు భాగాల మీద, అంటే డైపర్ రాసుకునే చోట వస్తుంది. గజ్జల మడతలు సాధారణంగా బాగానే ఉంటాయి. ఈస్ట్ చేరిన ఒరుపు మడతల్లోకి కూడా దిగుతుంది. నిగనిగలాడే ఎర్రని మచ్చ అంచులు స్పష్టంగా ఉంటాయి. పెద్ద చెరువు చుట్టూ చిన్న గుంటల్లాగా, దాని చుట్టూ విడివిడిగా చిన్న పొక్కులు కనిపిస్తాయి. చామనఛాయ చర్మం మీద ఎరుపు ముదురు రంగులోనూ కనిపించవచ్చు. జాగ్రత్త తీసుకున్నా రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే ఈస్ట్‌ను అనుమానించాలి. పాప నోట్లో, నాలుక మీద తుడిచినా పోని తెల్లని పొర ఉందేమో కూడా చూడాలి.

వంటింటి మందులను పరీక్షిద్దాం

కొబ్బరినూనెలో లారిక్ ఆమ్లం అధికం. నైజీరియాలోని ఇబాదాన్‌లో పరిశోధకులు కాండిడా మీద కొబ్బరినూనె ప్రభావాన్ని ప్రయోగశాలలో పరీక్షించి, అది ఈస్ట్ పెరుగుదలను ఆపగలదని 2007లో ప్రకటించారు. అయితే పరీక్షనాళికలో జరిగినది పాప గజ్జల్లో కూడా అలాగే జరుగుతుందని చెప్పలేం. శుభ్రమైన నూనె పలుచగా రాస్తే తడి నేరుగా తగలకుండా పొరలా అడ్డుపడుతుంది. అంతవరకు మేలే. ముదిరిన ఈస్ట్‌ను అదొక్కటే తొలగిస్తుందని భరోసా లేదు.

తేనె, ఆలివ్ నూనె, తేనెమైనం కలిపిన లేపనాన్ని పన్నెండుమంది పసిపిల్లలపై వాడి చూసిన ఒక అధ్యయనం 2005లో వెలువడింది. ఒరుపు తగ్గింది. నలుగురిలో కాండిడా ఉండగా, వారం తరువాత ఇద్దరిలో ఇంకా ఉంది. ఆశ కలిగించే ఫలితమే. కానీ పన్నెండుమంది చాలా తక్కువ. లేపనం రాయని పిల్లలతో పోల్చి చూడనూ లేదు. అన్నట్టు, ఏడాది నిండని పిల్లల నోటికి తేనె తగలనివ్వకూడదు. బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

పసుపు కొందరి చర్మానికి పడక మంట పుట్టిస్తుంది. పైగా దాని రంగులో ఒరుపు ఎరుపు కనిపించకుండా పోతుంది. పెరుగు రాస్తే మానుతుందనడానికి నమ్మదగిన రుజువు లేదు. అది ఆ చోటును మళ్లీ తడి చేస్తుంది.

ఇక కీడు చేసేవి. వంటసోడా క్షారం. పుండు పడిన చర్మం గుండా రక్తంలోకి చేరగలదు. ఒరుపు మీద వంటసోడా వాడగా ఒక పసిపాప రక్తంలో క్షారగుణం ప్రమాదకరంగా పెరిగిన ఉదంతం 1981లో అమెరికాలో ఒక వైద్యపత్రికలో వచ్చింది. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పొడి మీకు తెలుసు. ఒకప్పుడు దాన్నే ఒరుపు మీద చల్లేవారు. అది ఒంటికి పట్టి పసిపిల్లలు చనిపోయిన సందర్భాలు ఉన్నాయి. టాల్కమ్ పౌడర్ చల్లితే ఆ ధూళి పాప ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

"అయినా మా ఇంట్లో తగ్గిందే!"

ఈ మాట తప్పక వస్తుంది. అమ్మమ్మ అబద్ధం చెప్పడంలేదు. ఆమె కళ్లారా చూసింది. కానీ ఆలోచించండి. ఒరుపు కనబడగానే ఇంట్లో ఏం చేస్తారు? డైపర్ తీసేస్తారు, గోరువెచ్చని నీళ్లతో కడుగుతారు, గాలి తగలనిస్తారు, ఆ తరువాత పసుపు అద్దుతారు. మామూలు ఒరుపు చర్మాన్ని పొడిగా ఉంచితేనే సాధారణంగా రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. మరి తగ్గించింది పసుపా, పొడిదనమా? రెండూ కలిసి జరిగినప్పుడు ఒక్క పాపను చూసి చెప్పలేం. ఒకే రకం ఒరుపు ఉన్న చాలామంది పిల్లలను రెండు జట్లుగా చేసి, పొడిగా ఉంచడం ఇద్దరికీ సమానంగా చేసి, ఒక జట్టుకే పసుపు రాస్తేనే తేడా తెలుస్తుంది. శాస్త్రం కోరేది ఈ పోలికనే.

మందుల దుకాణంలోది కృత్రిమం, వంటింట్లోది సహజం అనే భేదం కూడా అంత సరైనది కాదు. ఈస్ట్ మీద వాడే నిస్టాటిన్ కథ వినండి. ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు దాన్ని కనుగొన్నట్టు 1950లో ప్రకటించారు. అది ఎక్కడ దొరికింది? వర్జీనియాలో ఒక పాడిపశువుల క్షేత్రంలోని మట్టిలో! అక్కడి స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. తాము పనిచేసిన న్యూయార్క్ రాష్ట్రం పేరు మీదుగా దానికి ఆ పేరు పెట్టారు. అంటే నిస్టాటిన్ కూడా ప్రకృతి ఇచ్చిందే. శుద్ధి చేశారు, మోతాదు కట్టారు, పరీక్షించారు. వంటింటి చిట్కాకు లేనివి ఆ మూడే. ఈస్ట్ కణపు పొరలో ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది. మన కణాల్లో దాని స్థానంలో కొలెస్టరాల్ ఉంటుంది. నిస్టాటిన్ ఎర్గోస్టెరాల్‌ను పట్టుకొని పొరకు చిల్లులు పెడుతుంది. క్లోట్రిమజోల్ ఆ ఎర్గోస్టెరాల్ తయారవకుండానే అడ్డుకుంటుంది.

మీరు అక్కకు చెప్పవలసిన జవాబు

అక్కా, మొదటి మందు పొడిదనం. డైపర్ తడిసిన వెంటనే మార్చు. గోరువెచ్చని నీళ్లతో కడిగి, రుద్దకుండా మెత్తని నూలుగుడ్డతో అద్ది తుడువు. రోజులో కొన్నిసార్లు కాసేపు డైపర్ లేకుండా పాత నూలుచీర మీద పడుకోబెట్టు. గుడ్డలు వాడితే సబ్బు పూర్తిగా పోయేలా జాడించి, ఎండలో బాగా ఆరబెట్టు. ఆశ్వయుజ, కార్తీక మాసాల వానల్లో ఇక్కడ గుడ్డలు ఆరవు. అప్పుడు ఇస్త్రీ చేసి వాడు. అమ్మమ్మ చెప్పినట్టు కొబ్బరినూనె పలుచగా రాయవచ్చు. జింక్ ఆక్సైడ్ లేపనం ఇంకా మంచి అడ్డుగోడ.

మడతల్లో ఎరుపు, చుట్టూ పొక్కులు ఉన్నా, రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా పాపను డాక్టరుకు చూపించు. ఈస్ట్ మందు ఆయన చెప్పినన్ని రోజులు రాయి. ఎరుపు తగ్గిందని మధ్యలో మానేస్తే మళ్లీ వస్తుంది. జ్వరం, చీము, నీటిబొబ్బలు, పాలు తాగకపోవడం ఉంటే ఆ రోజే తీసుకెళ్లాలి. నెలల లోపు పసికందు అయితే చిట్కాలతో ఆలస్యమే చేయవద్దు. దుకాణంలో అడిగి ఏదో ఒక ట్యూబు తేవద్దు. కొన్ని మిశ్రమ క్రీముల్లో బలమైన స్టిరాయిడ్ కలిసి ఉంటుంది. ఎరుపు తొందరగా తగ్గినట్టు కనిపిస్తుంది గాని పాప లేత చర్మం పలుచబడిపోతుంది, డైపర్ కింద మందు ఒంట్లోకి మరింతగా ఇంకుతుంది.

విద్యార్థులారా! పసిపాప తన బాధ చెప్పుకోలేదు. పెద్దలు ఒక చిట్కా తరువాత మరో చిట్కా ప్రయత్నించే నాలుగు రోజులూ ఆ మంటను భరించేది పాపే. అందుకే ఎవరైనా ఒక మందు చెప్పినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. ఇది చర్మాన్ని పొడిగా ఉంచుతుందా, తడి చేస్తుందా? ఈస్ట్‌ను నిజంగా తొలగిస్తుందని పోల్చి చూసిన రుజువు ఉందా? పుండు మీద రాస్తే హాని ఉందా? అమ్మమ్మను ఎదిరించడానికి కాదు. ఆమె ఎదురుగా కూర్చుని, ఆమె అనుభవంలో నిలిచేదేదో, వదిలేయాల్సిందేదో కలిసి తేల్చుకోవడానికి. పసుపు కాగితం ప్రయోగం కూడా ఆమె చేతనే చేయించండి. పారాణి సంగతి ఆమెకు మనకంటే బాగా తెలుసు.